తల ఊపని షెడ్డు

మత్తు దిగాక ముడుల తాత దుప్పటి కింద చెయ్యి పెట్టి కాలు తడుముకున్నాడు. మోకాలు దాటగానే చెయ్యి పరుపును తాకింది. మళ్ళీ తొడ దగ్గర్నుంచి మొదలుపెట్టి తడిమాడు. మళ్ళీ పరుపే తగిలింది.

"నా కాలేది?" అన్నాడు.

నర్సు మాస్కు వెనక ఏదో అంది. తాత మళ్ళీ అడిగాడు. మూడోసారి ఆమె విసుగెత్తి, మాస్కు గడ్డం కిందికి లాగి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"తీసేశారు తాతా."

"ఎవర్నడిగి తీశారు?"

"నిన్నడిగే. డాక్టరుగారు ఇక్కడే నిలబడి అంతా చెప్పారు. నువ్వు తల ఊపావు."

"కట్టు మారుస్తారనుకున్నా," అన్నాడు తాత.

ఇది మిల్లు ఆసుపత్రి జనరల్ వార్డులో జరిగింది. తాత మగ్గాల షెడ్డులో పనివాడు. తెగిన పోగుకు ముడి వేయడం షెడ్డులో సగం మందికి నేర్పింది ఆయనే. ఎదుటి మంచం మీద అదే షెడ్డు నేతకత్తె ఉంది. మగ్గం పళ్ళచక్రంలో పడి ఆమె ఎడమ చెయ్యి నలిగింది. షెడ్డులో అందరూ ఆమెను పెద్దకోడలు అంటారు. తాతను చూస్తుంటే ఆమెకు ఆ పొద్దుటి సంగతి గుర్తొచ్చింది. డాక్టరు తన మంచం దగ్గర కూడా నిలబడ్డాడు. మాస్కు కదిలింది. తనూ తల ఊపింది.

షెడ్డులో చేరినవాళ్ళు మొదట నేర్చుకునేది ముడి వేయడం. రెండోది తల ఊపడం. మగ్గాల మోతలో కొన్నేళ్ళు పనిచేస్తే చెవులు పోతాయి. పోయాయని తెలిస్తే మగ్గం తీసుకుని చీపురిస్తారు, కూలి సగానికి పడిపోతుంది. అందుకని మేస్త్రీ ఏమన్నా తల ఊపుతారు. ఆఫీసరు ఏమన్నా తల ఊపుతారు. గంగిరెద్దయినా సన్నాయి విన్నాకే తల ఊపుతుంది. వీళ్ళు వినకుండానే ఊపుతారు.

తమలో తాము మాత్రం పెదవులతో మాట్లాడుకుంటారు. దానికి గొంతు అక్కర్లేదు. షెడ్డు ఈ చివర వేసిన జోకుకు ఆ చివర నవ్వుతారు.

సాయంత్రం పెద్దకోడలిని చూడటానికి ఆమె తోడికోడలు వచ్చింది. ఈమె పనిచేసేది బట్ట మడతపెట్టే గదిలో. అక్కడ మోత లేదు. చీమ చిటుక్కుమన్నా ఆమెకు వినపడుతుంది. షెడ్డు ఆడవాళ్ళు ఆమెకు చెవులమ్మ అని పేరు పెట్టారు, మెచ్చుకుని పెట్టిన పేరు కాదు. తోడికోడళ్ళిద్దరిదీ ఒకటే ఇల్లు, ఒకటే పొయ్యి. పెద్దకోడలి భర్త పోయాడు. ఇంటికి పాలవాడొచ్చినా, ఇంటి ఓనరొచ్చినా, బడి పంతులొచ్చినా చెవులమ్మతోనే మాట్లాడి వెళ్ళిపోతారు. పెద్దకోడలు పక్కనే ఉంటుంది. అందరూ వెళ్ళాక "ఏమన్నారే?" అని అడగాలి. ఆ అడగడమే ఆమెకు కంట్లో నలుసు.

ఇప్పుడూ అడిగింది.

"పొద్దున డాక్టరు నాతో ఏమన్నాడో నీకేమైనా తెలుసా?"

చెవులమ్మ మొహం ఎదురుగా పెట్టి చెప్పింది. "తెలుసక్కా. నన్ను బయటికి పిలిచి చెప్పారు. మూడు వేళ్ళు తీసేస్తారట. రేపు పొద్దున."

"నా వేళ్ళా?"

"మరి నావా?"

"నా వేళ్ళ సంగతి నిన్ను పిలిచి చెప్పారా?"

"నీకు అర్థం చేసుకునే స్థితి లేదన్నారక్కా. ఏమడిగినా తల ఊపుతోందట, నోరు విప్పదట. లేబరు ఆఫీసరు కూడా అక్కడే ఉన్నాడు. దగ్గరివాళ్ళెవరంటే నేనే కదా. సరేనన్నాను. సంతకం పెట్టాను."

"ఆమెకు వినపడదు, అంతేగానీ మతి బాగానే ఉందని చెప్పలేకపోయావా?"

"చెబితే నీ మగ్గం పోదూ?"

"నా మగ్గం మీద నీకెప్పట్నించే అంత ప్రేమ? ఇన్నాళ్ళూ దాన్ని చూసి ఏడ్చావు. ఇప్పుడు ఏకంగా చేతికే వచ్చావు."

చెవులమ్మ లేచి నిలబడింది. మళ్ళీ కూర్చుంది.

"ఏడ్చాను. ఎందుకేడవను? నీ కూలి నా కూలికి రెండింతలు. మీ షెడ్డువాళ్ళు మన గుమ్మంలో కూర్చుని పెదాలాడిస్తూ పడీ పడీ నవ్వుతారు. నా గురించేనేమోనని నేను పొయ్యి దగ్గర కూర్చుని కుమిలిపోతాను. ఆ మాట ఒక్కనాడైనా నాకు నేర్పావా? ఇవాళ డాక్టరు నన్ను పిలిచి కుర్చీ చూపించాడు. 'మీరు చెప్పండమ్మా' అన్నాడు. నిజం చెబుతున్నా అక్కా, బాగానే అనిపించింది. బతుకులో ఒక్కసారి నన్ను ఎవరో అడిగారు."

"నిన్నడగడానికి నా చెయ్యే దొరికిందా?"

అప్పటికి షెడ్డు నుంచి మరో ఇద్దరు నేతకత్తెలు వచ్చి మంచం పక్కన నిలబడ్డారు. వాళ్ళలో ఒకామెను మిరపకాయ అంటారు. వరండాకు అటువైపు స్టాఫు గది ఉంది. దాని తలుపు అద్దానిది. అందులో స్పిన్నింగు మాస్టరు ఉన్నాడు. కారు తలుపు మధ్య పడి ఆయన వేలు నలిగింది. డాక్టరు మాస్కు తీసి జేబులో పెట్టుకుని, కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాడు.

చెవులమ్మకైనా వినపడేంత దూరం కాదది. కానీ పెదవులు కనిపిస్తున్నాయి.

"రెండు దార్లున్నాయంటున్నాడు," అంది పెద్దకోడలు.

"వేలి కొస తీసేస్తే తొందరగా మానుతుందట," అంది పక్కనున్నామె.

"ఉంచితే నెలలు పడుతుందట. మానకపోనూ వచ్చట," అంది మిరపకాయ.

మాస్టరు ఏదో అడిగాడు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. తర్వాత అన్నది ముగ్గురూ ఒకేసారి చదివారు.

"తొందరేం లేదు, ఆలోచించుకోండి. వేలు మీది."

"ఆయన వేలు ఆయనదట," అంది పెద్దకోడలు.

"నా కాలు మిల్లుదనుకుంటా," అన్నాడు ఎదుటి మంచం మీంచి తాత.

ఆ గదిలో ఫ్యానుంది, మెత్తటి పరుపుంది, కిటికీకి తెర ఉంది. ఇన్నేళ్ళుగా వాటిని చూస్తున్నా జనరల్ వార్డులో ఎవరికీ ఏమీ అనిపించలేదు. ఆ సాయంత్రం డాక్టరు కూర్చున్న కుర్చీని చూశాక కడుపు మండింది. అసూయ పాపమని చెప్పేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు కుర్చీ వేసి చెబుతారు.

షిఫ్టు దిగిన షెడ్డు పనివాళ్ళు ఆసుపత్రి వెనక కుళాయి దగ్గర పోగయ్యారు. విషయం నోటినోటా పాకింది, శబ్దం లేకుండా. మాస్కు తీసి పెద్దకోడలికీ అలాగే చెప్పమని డాక్టరును అడగాలన్నారు కొందరు. మేస్త్రీ కూడా వచ్చాడు. కొట్లాట మొదలుపెట్టింది మాత్రం మిరపకాయ.

"నాకు గర్భసంచి తీసినప్పుడు ఎవరడిగారు? పుండుందన్నారు, తీసేశారు. నాకప్పటికి ఒక్క కూతురు. ఈమెగారికి మాత్రం బొమ్మలు గీసి చెప్పాలా?"

"మాకు చెప్పారా? మా ఆయనకు చెప్పారా?" అంది ఇంకొకామె. "అందరికీ లేనిది ఆమెకెందుకు?"

మేస్త్రీ చేతులు ఊపాడు. "నా మాట వినండి. డాక్టరు మాస్కు తీయాలంటే మనకు వినపడదని ఒప్పుకోవాలి. ఒప్పుకున్న మర్నాడే చీపురు చేతికొస్తుంది. ఆమె వేళ్ళ కోసం మీ మగ్గాలు పోగొట్టుకుంటారా?"

చెవులమ్మ చీకట్లోంచి ఏదో అంది.

"దీపం కిందికొచ్చి ఏడువు, మొహం కనపడనీ," అంది మిరపకాయ.

ఆమె దీపం కిందికి వచ్చింది. "నా సంతకం వెనక్కి తీసుకుంటున్నా. అది నేను పెట్టాల్సింది కాదు. ఒక్కరు వినపడదంటే చీపురిస్తారు, నిజమే. షెడ్డంతా వినపడదంటే మగ్గాలెవరు నడుపుతారు? లేబరు ఆఫీసరు పెళ్ళామా?"

కొందరు నవ్వారు. మిరపకాయ నవ్వలేదు.

"నీకేమమ్మా, చెవులున్నదానివి. పోయేది మా మగ్గాలు."

"అవును. మీవే పోతాయి. నాకు మీ మగ్గాలు కావాలని ఇన్నాళ్ళూ కుళ్ళుకున్నాను. ఇప్పుడు నిన్ను చూస్తున్నా. నిన్నడగలేదని ఆమెనూ అడగొద్దంటున్నావు. నీకూ నాకూ తేడా ఏముంది? ఇద్దరం ఒకరి మీద ఒకరు పడి ఏడుస్తున్నాం. అడగనివాడు మాత్రం హాయిగా ఉన్నాడు."

మిరపకాయ కారుతున్న కుళాయిని గట్టిగా కట్టేసింది.

"సరే," అంది చివరికి. "రేపు ఆమెకు చెప్పేటప్పుడు నేనక్కడుంటా. ఒక్కో మాటా చూస్తా. ఆమెకు చెప్పిందాంట్లో ఒక్క ముక్క తగ్గకుండా నాకూ చెప్పమంటా."

ఆమె ఓర్వలేకే ఒప్పుకుంది. మిగతావాళ్ళలోనూ చాలామంది అలాగే ఒప్పుకున్నారు. పొద్దున షిఫ్టు గంట మోగేసరికి వాళ్ళంతా షెడ్డుకు బదులు వార్డులో ఉన్నారు.

బండి తోసుకుంటూ వార్డు బాయిలొచ్చారు. వెనక మాస్కుతో డాక్టరు, ఆయన వెనక లేబరు ఆఫీసరు. డాక్టరు పెద్దకోడలి వైపు వంగి ఏదో అన్నాడు. ఆమె మెడ దానంతటదే కదలబోయింది. కుడిచేత్తో గడ్డం పట్టుకుని ఆపుకుంది.

"నాకు వినపడదు," అంది.

లేబరు ఆఫీసరు ముందుకొచ్చాడు. "ఎప్పట్నించి?"

"మీ మగ్గం పట్టిన మూడో ఏడు నుంచి. మాస్కు తీసి చెప్పమనండి, అర్థమవుతుంది."

"నాకూ వినపడదు," అంది మిరపకాయ.

"నాకూ," అన్నాడు తాత మంచం మీంచి.

వార్డు గుమ్మం దాకా ఆ మాట వెళ్ళింది. వరండాలోకి వెళ్ళింది. మేస్త్రీ అందరికంటే వెనక నిలబడి ఉన్నాడు. అతనికీ కొన్నేళ్ళుగా ఒక చెవి వినపడటం లేదు. తల వంచుకుని, "నాకు సగమే వినపడుతుంది సార్," అన్నాడు.

"ఈమె సంతకం ఉందిగా!" లేబరు ఆఫీసరు చెవులమ్మను చూపించాడు.

"అది చెల్లదు. చెయ్యి ఆమెది," అంది చెవులమ్మ.

డాక్టరు ఆఫీసరు వంక చూశాడు. జనం వంక చూశాడు. మాస్కు తీశాడు. కూర్చోవడానికేమీ కనిపించక మంచం అంచున కూర్చున్నాడు.

చిటికెన వేలికి రక్తం ఆడటం లేదని, దాన్ని ఉంచితే చెయ్యంతా చెడుతుందని చెప్పాడు. మిగతా రెండిటికీ ఎముకలు విరిగాయి, రక్తం ఆడుతోంది. తీసేస్తే త్వరగా మానుతుంది. ఉంచితే మళ్ళీ మళ్ళీ ఆపరేషన్లు చేయాలి. చీము పట్టవచ్చు. అప్పుడైనా తీయాల్సి రావచ్చు.

"ఉంచితే వంగుతాయా?" అంది పెద్దకోడలు.

"చెప్పలేను."

"వంగకపోతే ముడి వేయగలనా?"

"నాకు తెలియదమ్మా. ముడి ఎలా వేస్తారో నేనెప్పుడూ చూడలేదు."

ఆమె ఆరోగ్యంగా ఉన్న కుడిచేత్తో, గాలిలో, వేసి చూపించింది. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కదిలాయి. ఉంగరపు వేలు ఊరికే తోడుగా ఉంది. ఆయన చూశాడు. రెండోసారి వేయమన్నాడు. వేసింది.

"ఇప్పుడే చెప్పాలా?"

"సాయంత్రం దాకా ఆగొచ్చు. అంతకు మించితే చిటికెన వేలితో ప్రమాదం."

సాయంత్రం దాకా షెడ్డులో ఒక్క మగ్గం నడవలేదు. పెద్దకోడలు దుప్పటి మీద చెయ్యి పెట్టుకుని పడుకుంది. సలహా చెప్పబోయిన ప్రతివాళ్ళకూ మొహం తిప్పుకుంది. చెవులమ్మ మంచం పక్కన ఉంది, ఏమీ చెప్పలేదు. డాక్టరు వచ్చినప్పుడు పెద్దకోడలు అంది:

"చిటికెన వేలూ దాని పక్కదీ తీసెయ్యండి. మధ్యవేలు ఉంచండి. చీము పడితే అప్పుడు మళ్ళీ నన్నడగండి."

లేబరు ఆఫీసరు నవ్వాడు. "మేం మూడన్నాం, నువ్వు రెండన్నావు. ఒక్క వేలి కోసమా మిల్లు ఆపింది?"

"మీ వేలైతే ఎంత గొడవ చేసేవారయ్యా?" అంది పెద్దకోడలు.

డాక్టరు లేవబోయాడు. మిరపకాయ ఆయన దారికి అడ్డం నిలబడింది.

"నేను మంచం మీద లేనుగానీ నా సంగతీ ఒకటుంది. కూర్చోండి."

ఆయన కూర్చున్నాడు.

పెద్దకోడలికి ఆమె చెప్పినట్టే చేశారు. ఆమె చేతికి కట్టు ఉండగానే మిల్లు గేటు మీద నోటీసు పడింది. వినికిడి లేదని స్వయంగా ఒప్పుకున్న పనివాళ్ళందరినీ ఊడ్చే పనికి మార్చామని, కొత్తవాళ్ళొచ్చేదాకా షెడ్డు మూసి ఉంటుందని అందులో ఉంది.

మర్నాడు షిఫ్టు గంటకు సామాన్ల గది ముందు వరస కట్టారు. మగ్గాల షెడ్డంతా వచ్చింది. వరస గోడ మలుపు తిరిగి గేటు దాకా వెళ్ళింది. గుమస్తా కిటికీలోంచి తల బయట పెట్టాడు.

"ఏం కావాలి?"

"చీపుర్లు," అంది ముందున్న మిరపకాయ.

"నా దగ్గరున్నవి ఆరు!"

"ఏమంటున్నావు? వినపడ్డంలేదు."

వరస నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వాడు. అప్పుడే అద్దకం వాళ్ళు వచ్చి వెనక నిలబడ్డారు. స్పిన్నింగు వాళ్ళు వచ్చారు. మడతల గది ఆడవాళ్ళొచ్చారు. లేబరు ఆఫీసరు వరస వెంట నడుస్తూ ఒక్కొక్కరి మొహం చూశాడు. పెద్దకోడలి పక్కన నిలబడ్డ చెవులమ్మ దగ్గర ఆగాడు.

"నీకిక్కడేం పని? నీకు చెవులు శుభ్రంగా ఉన్నాయి. వెళ్ళి పని చూసుకో, లేకపోతే ఈ పూటే నీ పేరు కొట్టేస్తా!"

గేటు అవతలికి కూడా వినపడేలా అరిచాడు. చెవులమ్మ అతని మొహం వంక చూసి, తాపీగా పెద్దకోడలి వైపు తిరిగింది.

"ఏమంటున్నాడక్కా?"