సాబు ఖుషీగా ఉన్నప్పుడు

బొంబాయిలో రైలు దిగిన బుచ్చయ్య చాయ్ తాగి హాలీ సిక్కా ఇస్తే, చాయ్‌వాలా దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి తిరిగి అతని చేతిలోనే పెట్టాడు. నైజాం సర్కారు పోయి రెండేళ్లయినా ఆలేరు అంగడిలో ఆ నాణెమే నడుస్తోంది. ఇక్కడ నడవదని ఎవరూ చెప్పలేదు. పరాయి రాజ్యానికి వచ్చానన్న సంగతి బుచ్చయ్యకు అప్పుడు తెలిసొచ్చింది. పక్కనున్న సిద్దయ్య తన జేబులోంచి డబ్బులిచ్చాడు.

సిద్దయ్యది ఆలేరే. రజాకార్ల కాలంలో మగ్గం వదిలేసి బొంబాయి చేరి, మిల్లులో పని చేసుకుంటూ కామాటిపురాలో ఉంటున్నాడు. కబురు అందుకుని స్టేషనుకు వచ్చాడు.

"మా చిన్నోడు ఏడ దిగిండో తెలిసిందా సిద్దయ్యా?"

"తెలిసింది బుచ్చన్నా. పోలీసోళ్ల జట్టంత మైదానం పక్కన డేరాలల్ల ఉన్నరు. ఫుట్‌బాల్ కప్పంటె ఈడ జాతర లెక్క. ఊరంత గదే ముచ్చట."

బుచ్చయ్యకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు జంగయ్య వ్యవసాయం చేస్తూ ఎర్రజెండా సంఘంలో చేరాడు. రజాకార్లను ఎదిరించిన రోజుల్లో ఊరు అతన్ని నెత్తిన పెట్టుకుంది. యూనియన్ మిలిట్రీ వచ్చాక, దళానికి అన్నం పెట్టాడని పట్టుకుపోయి క్యాంపులో వేశారు. చిన్నవాడు బీరప్ప చిన్నతనంలోనే పట్నం పక్కన సిపాయిల దండు ఉండే లష్కర్‌లో ఒక దొర ఇంట్లో పనికి కుదిరి, అక్కడి సిపాయిలతో బంతి ఆడి ఆడి, ఆ ఆటతోనే పోలీసుల్లో చేరాడు. ఊళ్లో చాలామంది అప్పటినుంచి అతని పేరెత్తరు.

క్యాంపులోంచి అప్పటికే ఇద్దరిని గుట్టల దిక్కు తీసుకుపోయి కాల్చారు. పారిపోబోయారని చెప్పారు. బీరప్ప జట్టును చూసుకునే పోలీసు పెద్ద సాబు ఒక్క మాట చెబితే జంగయ్యను జైలుకు పంపిస్తారనీ, జైల్లో ఉంటే ప్రాణమన్నా దక్కుతుందనీ ఎవరో అన్నారు. జట్టు బొంబాయి పోయిందని తెలిసి బుచ్చయ్య రైలెక్కాడు.

డేరా ముందు తండ్రిని చూసి బీరప్ప ముందు సంబరపడ్డాడు. సంగతి విన్నాక చుట్టూ చూసి, తండ్రి భుజం పట్టుకుని చెట్ల చాటుకు తీసుకుపోయాడు.

"అన్న సంఘంల ఉన్నట్టు ఈడెవ్వరికి తెల్వది బాపూ. మెల్లగ మాట్లాడు."

"మెల్లగనే మాట్లాడుత. ఆ సాబును అడుగుతవా లేదా?"

"అడుగుత. ఇయ్యాల మాకు ఆట ఉంది. గెలిస్తె సాబు ఖుషీగ ఉంటడు. అప్పుడడుగుత."

సాయంత్రం సిద్దయ్య బుచ్చయ్యను మైదానానికి తీసుకుపోయాడు. అంతమంది జనాన్ని బుచ్చయ్య ఎన్నడూ చూడలేదు. టోపీలవాళ్లు, కోట్లవాళ్లు, మిల్లు కూలీలు, అందరూ ఒక్కటే అరుపు. కొందరు చెట్లెక్కి కూర్చున్నారు. ఏ భాషా అతనికి అర్థం కాలేదు. ఆట అంతకన్నా అర్థం కాలేదు.

"పచ్చంగీలు మనోళ్లు. అగో, ఆ కట్టెల నడుమ బంతి పడాలె" అని సిద్దయ్య చెప్పాడు.

బీరప్ప కాళ్లకు బూట్లు లేవు, గుడ్డపట్టీలు చుట్టుకున్నాడు. అవతలివాళ్ల బూటు కాలు అతని మడమకు తగిలినప్పుడల్లా బుచ్చయ్య లేచి నిలబడ్డాడు. బంతి పచ్చంగీల వైపు వస్తే క్యాంపు తలుపులు మూసుకున్నట్టు, అటు పోతే తెరుచుకున్నట్టు అనిపించింది. పెద్దకొడుకు ప్రాణం గాలి నింపిన తోలు మీద పెట్టి కూర్చున్నానని అతనికి ఏడుపొచ్చింది. చివరికి బీరప్ప కొట్టిన బంతే కట్టెల నడుమ పడింది. జనం అతన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. సిద్దయ్య ఎగిరి గంతేశాడు. బుచ్చయ్య రెండు చేతులూ జోడించి, ఎవరికో తెలియకుండానే దండం పెట్టాడు.

గేటు దగ్గర పెద్ద సాబు మెడలో పూలదండతో నవ్వుతూ నిలబడ్డాడు. బీరప్ప కుంటుతూ తండ్రి దగ్గరికి వచ్చాడు.

"అడిగినవా?"

"ఇయ్యాల కాదు బాపూ. ఆదివారం ఆఖరాట ఉంది. ఇప్పుడు ఈ ముచ్చట తీస్తె నన్ను ఆడనియ్యరు. నౌకరి కూడ పోతది. కప్పు గెల్చిన్నాడు ఏమడిగినా ఇస్తడు."

"నువ్వడగకుంటె నేనే అడుగుత" అని బుచ్చయ్య ముందుకు కదిలాడు. బీరప్ప అతని చేయి గట్టిగా పట్టుకున్నాడు.

"నీ కాల్మొక్త బాపూ. ఆదివారం దాక ఆగు."

కొడుకు ముఖం మీద చెమట ఇంకా ఆరలేదు. వీడొక్కడన్నా మంచిగా బతకనీ అనుకున్నాడు బుచ్చయ్య. ఆ మాట అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు. కానీ ఆగిపోయాడు. సాబు జీపెక్కి వెళ్లిపోయాడు.

ఆదివారం దాకా ఆ ఊళ్లో ఉండటం బుచ్చయ్య వల్ల కాలేదు. సిద్దయ్య ఎంత చెప్పినా వినకుండా మర్నాడే రైలెక్కాడు.

ఆలేరులో దిగేసరికి స్టేషనులో తెలిసినవాళ్లు అతన్ని చూసి తల తిప్పుకున్నారు. ఇంటి ముందు ఆడవాళ్లు గుంపుగా కూర్చుని ఉన్నారు. భార్య కౌసల్య గడప మీద ఉంది, ఏడ్చే ఓపిక కూడా లేకుండా. అతను రైల్లో ఉండగానే జంగయ్యను గుట్టలకు తీసుకుపోయారు. శవాన్ని కూడా ఇవ్వలేదు.

కొన్నాళ్లకు బీరప్ప సెలవు మీద వచ్చాడు. అప్పటికే అతనికి తెలుసు. వాకిట్లో నిలబడి, లోపలికి రాకుండానే చెప్పాడు.

"ఆఖరాట ఓడిపోయినం బాపూ. పొద్దుగూకినాక సాబు డేరాల ఒక్కడే కూసున్నడు. ఎవ్వరు దగ్గరికి పోతలేరు. ఇగ నాకేం మిగిలిందని పోయి అన్న సంగతి చెప్పిన."

"ఏమన్నడు?"

"'గిది ముందుగల్ల ఎందుకు చెప్పలేదుర' అన్నడు. నన్ను తిట్టలేదు. అప్పటికప్పుడే టపా ఆఫీసుకు మనిషిని పంపి క్యాంపుకు తార్ కొట్టిచ్చిండు."

లోపలి నుంచి కౌసల్య గొంతు వినిపించింది. కోపం లేని గొంతు.

"గెల్చిన్నాడే అడిగితె మీ అన్న దక్కుతుండె గద బిడ్డా."

ఆ పూట బీరప్ప అన్నం ముట్టలేదు. తెల్లవారి ఎవరికీ చెప్పకుండా ఎడ్లను తోలుకుని చేనుకు పోయాడు. జొన్న విత్తే అదును దాటిపోతోంది, జంగయ్యను పట్టుకుపోయినప్పటినుంచి చేను అట్లాగే పడి ఉంది. నాగలి పట్టడం అతనికి రాదు. చాళ్లు వంకర పోయాయి. బుచ్చయ్య గట్టు మీద నిలబడి కాసేపు చూశాడు. తర్వాత చేనులోకి దిగి, కొడుకు చేతి పక్కనే మేడి మీద తన చేయి వేశాడు. ఇద్దరూ మధ్యాహ్నం దాకా దున్నారు.

సెలవు అయిపోయిన రోజు కౌసల్య జొన్నరొట్టెలు మూటగట్టి గడప మీద పెట్టి లోపలికి పోయింది. బీరప్ప మూట తీసుకుని, కాసేపు తలుపు వైపు చూసి, స్టేషను దారి పట్టాడు. తల్లి బయటికి రాలేదు.