మూడు వేళ్ళ కింద

కైకలూరు బస్టాండులో పొద్దున్నే రెండు బస్సులు ఆగి ఉన్నాయి. ఒకటి కొల్లేరు దాటి ఏలూరు పోయేది, ఇంకోటి భీమవరం మీదుగా తాడేపల్లిగూడెం పోయేది. అహరోను గారి కూతురు శాలిని సర్టిఫికెట్ల ఫైలు ఒళ్ళో పెట్టుకుని సిమెంటు బల్ల మీద కూర్చుని రెండింటి వంకా మార్చి మార్చి చూస్తోంది. గూడెంలో ఎమ్మెస్సీ సీటు. ఏలూరులో బీఎస్సీ నర్సింగు సీటు. రెండు చోట్లా చేరడానికి ఇవాళే ఆఖరు రోజు. ఒరిజినల్స్ ఉన్నది ఒక్క సెట్టు, ఎక్కడ ఇస్తే అక్కడే.

డిగ్రీ పాసైన పిల్ల మళ్ళీ డిగ్రీ చదువుతానంటే ఏ ఇంట్లో ఒప్పుకుంటారు? జువాలజీ ఫస్టు క్లాసులో పాసై, ఏడాదిగా చెరువుల నీళ్ళు పరీక్షించే ల్యాబులో పని చేస్తున్న మనిషి, ఇరవై మూడేళ్ళొచ్చాక వెళ్ళి పదిహేడేళ్ళ పిల్లల పక్కన కూర్చుంటుందట! అహరోను గారు చేపల మేతల కొట్టులో గుమాస్తా. గొంతు పెంచే మనిషి కాదు. నిన్న మధ్యాహ్నం భోజనం దగ్గర మాత్రం కంచం పక్కకి జరిపేశారు.

"డిగ్రీ మీద ఇంకో డిగ్రీ ఏంటమ్మా? రెండేళ్ళు పీజీ చేస్తే లెక్చరర్‌వి అవుతావు. ఎక్కిన మెట్లన్నీ దిగి మళ్ళీ కింది నుంచి ఎక్కుతానంటావేంటి?"

జవాబు చెప్పాలంటే సాయితేజ గురించి చెప్పాలి. ఆ సంగతి శాలిని ఎవరికీ చెప్పలేదు, ప్రార్థనలో కూడా.

సాయితేజ పక్కింటి సరోజ కొడుకు. మొగుడు పోయాక సరోజ రొయ్యల షెడ్డులో తలలు తీసే పని చేసి వాణ్ణి ఇంటర్ దాకా లాక్కొచ్చింది. బైపీసీ. సాయంత్రమైతే చాలు, పుస్తకం పట్టుకుని గుమ్మంలో ప్రత్యక్షం. "అక్కా, ఒక్క డౌటు" అనేవాడు. ఒక్కటని మొదలుపెట్టి పది అడిగే రకం. చేప నిద్రపోతుందా, కప్ప బురదలో ఊపిరెలా తీస్తుంది, చచ్చిపోయాక గోళ్ళు పెరుగుతాయా. శాలిని విసుక్కునేది, జంతికలు పెట్టేది, చెప్పేది.

పోయినేడాది ఇంటర్ పరీక్షలు అయిపోయిన మర్నాడు వాడు స్నేహితులతో ఊరవతల చేపల చెరువులో ఈతకి దిగాడు. అడుగున పాత వల తాడు కాలికి చుట్టుకుంది. ఒడ్డుకి లాగేసరికి ఎంతసేపైందో ఎవరికీ లెక్క తెలీదు. కేకలు విని ఊరంతా పరుగెత్తింది. శాలిని అందరికంటే ముందు చేరి వాడి చెయ్యి పట్టుకుంది. మణికట్టు మీద మూడు వేళ్ళు పెట్టింది, పుస్తకంలో బొమ్మ చూసిన జ్ఞాపకంతో.

నీళ్ళు మింగినవాణ్ణి భుజానేసుకుని గిరగిరా తిప్పడం పాతవాళ్ళ వైద్యం. ఇప్పటివాళ్ళ చేతిలో ఫోనుంది. మునిగిన మనిషిని ఉప్పులో కప్పిపెడితే ఒంట్లో నీళ్ళన్నీ లాగేస్తుందని, నాలుగు గంటల్లో లేచి కూర్చుంటాడని ఒక వీడియో ఆ ఎండాకాలం ఊళ్ళో ప్రతి ఫోనులోనూ తిరిగింది. చెరువు గట్టు మీది పాకలో గళ్ళుప్పు బస్తాలు ఎప్పుడూ ఉంటాయి, చేపలకి రోగమొస్తే నీళ్ళలో చల్లడానికి. ఇంకో ఊళ్ళో అయితే అంత ఉప్పు వెతికి తెచ్చేలోపు పిల్లాణ్ణి ఆస్పత్రికి చేర్చి ఉండేవాళ్ళు. ఇక్కడ పది అడుగుల దూరంలో ఉంది, మా ఖర్మ.

చెరువు కౌలుదారు సత్తిరాజు గారు ఆమె వైపు తిరిగారు.

"శాలినమ్మా, నువ్వు సైన్సు చదివావు కదా. ఉప్పు పని చేస్తుందంటావా?"

అందరూ ఆమె ముఖంలోకే చూస్తున్నారు. సరోజ అయితే చేతులు జోడించి చూస్తోంది. అప్పుడే శాలిని వేళ్ళ కింద ఏదో కొట్టుకుంది. ఒకసారి. చాలాసేపటికి ఇంకోసారి. వాడిదా? పరుగెత్తుకొచ్చిన తన రక్తమే తన వేళ్ళలో కొట్టుకుందా? తేల్చుకోలేకపోయింది. తెలియదని చెప్పడానికి సిగ్గేసింది. వారం కిందటే వాడికి చెప్పిన పాఠం నోటికొచ్చింది.

"ఉప్పు నీటిని లాగుతుందండీ" అంది.

ఆ ఒక్క మాట చాలింది. బస్తాలు విప్పారు. ఎవరో ఆమె వేళ్ళు మెల్లిగా విడదీశారు. ఆ చేతి మీదా పోశారు. ముఖం ఒక్కటీ వదిలి మూడు గంటలు ఊరంతా చుట్టూ కూర్చుని ఎదురుచూసింది. పాస్టర్ గారు ప్రార్థన చేశారు. ఆస్పత్రి నుంచి డాక్టరొచ్చి ఉప్పు తీయించి, చూసి, ప్రాణం పోయిందని చెప్పి, "ఎవరు చెప్పారు మీకిది?" అనడిగాడు. ఒక్కరూ శాలిని పేరు చెప్పలేదు. అందరికీ ఆమె మీద జాలే. అదే ఆమెని చంపేసింది.

అప్పట్నించీ సాయితేజ వస్తూనే ఉన్నాడు. ల్యాబులో నీళ్ళలో ఉప్పు శాతం చూస్తుంటే భుజం వెనకాల నుంచుంటాడు. "అక్కా, ఒక్క డౌటు" అంటాడు. ఆమె వెనక్కి తిరగదు. డౌటేమిటో వాడూ చెప్పడు. గ్లాసు పట్టుకున్నా, పెన్ను పట్టుకున్నా, బస్సులో కమ్మీ పట్టుకున్నా మూడు వేళ్ళ కింద కొట్టుకుంటుంది. ఒకసారి. చాలాసేపటికి ఇంకోసారి.

నర్సింగులో మొదటి ఏడాదే నాడి చూడ్డం నేర్పుతారట. మునిగినవాళ్ళ నాడి ఎలా ఉంటుందో, అప్పుడు ఏం చెయ్యాలో అన్నీ చెబుతారట. అంటే అక్కడ చేరితే ఏదో ఒక రోజు, ఏదో ఒక క్లాసులో, ఆ రోజు వాడికి ప్రాణముందో లేదో ఆమెకి తెలిసిపోతుంది. ఎమ్మెస్సీలో ఆ పాఠమే రాదు. గూడెం వెళితే తెలుసుకోకుండానే బతికెయ్యొచ్చు. నిజం చెప్పాలంటే ఆమెకి గూడెం బస్సు ఎక్కాలనే ఉంది. భయం అలాంటిది.

"శాలినమ్మా!"

సరోజ. షెడ్డుకి వెళ్ళే దారిలో ఆగినట్టుంది, చేతిలో టిఫిన్ డబ్బా.

"పులిహోర చేశానమ్మా, దారిలో తిను. గూడెమేగా? మావాడెప్పుడూ అనేవాడు, అక్క లెక్చరర్ అవుతుంది, నేను అక్క క్లాసులోనే కూర్చుంటానని."

శాలిని డబ్బా అందుకోలేదు.

"సరోజత్తా, మీకో మాట చెప్పాలండీ. ఆ రోజు వాడి చెయ్యి పట్టుకున్నప్పుడు నా వేళ్ళకి కొట్టుకున్నట్టు అనిపించింది. వాడిదో కాదో నాకు తెలీలేదండీ. తెలీదని చెప్పకుండా ఉప్పు గురించి చెప్పాను."

బస్టాండులో మైకు ఏదో అరుస్తోంది. సరోజ డబ్బా బల్ల మీద పెట్టి, మెల్లిగా పక్కన కూర్చుంది. తిడుతుందనుకుంది శాలిని. తిట్టినా బాగుండేది.

"మొదటి బస్తా నేనే విప్పానమ్మా" అంది సరోజ. "వాడి పెదవి కదిలినట్టనిపించింది నాకు. ఉప్పు పని చేస్తోందనుకున్నాను. ఇంకా పొయ్యండయ్యా అన్నాను. ఇన్నాళ్ళూ ఎవరికి చెప్పను?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేకపోయారు. అప్పుడు సరోజ తన కుడిచెయ్యి చాపింది. రొయ్యల ముళ్ళు గీసుకుని మచ్చలు పడ్డ చెయ్యి.

"పట్టుకుని చూడు. ఇలాగే కొట్టుకుందా?"

శాలిని మూడు వేళ్ళు పెట్టింది. బతికున్న నాడి, గబగబా కొట్టుకుంటోంది. కళ్ళు మూసుకుని చాలాసేపు వింది. కాదని ఒక్క మాట అనేస్తే ఆ తల్లి ప్రాణం కుదుటపడేది. అనేయొచ్చు కూడా. కానీ ఒకసారి తెలియకుండా చెప్పిన మాట ఇంకా ఆమె నోట్లో ఉప్పగానే ఉంది.

"తెలీదత్తా. నేర్చుకుని వచ్చి చెబుతానండీ."

లేచి ఏలూరు బస్సు ఎక్కింది. నాన్నతో పెద్ద గొడవే అవుతుంది, అవనీ. కిటికీ పక్కన కూర్చునేసరికి సరోజ డబ్బా పట్టుకుని పరుగున వచ్చి కిటికీలోంచి అందించింది.

"నేర్చుకున్నాక, వాడికి ఊపిరుందని తేలిందనుకో, లేదనే చెప్పమ్మా నాకు" అంది. బస్సు కదిలింది. సరోజ కిటికీ కమ్మీ వదల్లేదు, పక్కనే నాలుగడుగులు వేసింది. "కాదు, కాదు. ఉంటే ఉందనే చెప్పు. అంత బరువు కింద వాడు అమ్మా అని ఉంటే, నాకు తెలియాలి."

చెయ్యి వదిలేసింది. బస్సు ఊరు దాటి కొల్లేటి రోడ్డెక్కింది. రెండు పక్కలా నీళ్ళు, ఎండకి తెల్లగా.

"అక్కా, ఒక్క డౌటు" అన్నాడు వాడు.

శాలిని ఈసారి వాడి వైపు తిరిగింది. పక్క సీట్లో ఉన్న సంచీ ఒళ్ళోకి తీసుకుని చోటిచ్చింది.