తెర మీద పడని అంకెలు

జేబురుమాలుగాడు నల్లతెరాయనకి అరచేతిలో వైకుంఠం చూపించి పదకొండేళ్లయింది. "దుకాణంలో నీకూ వాటా రాస్తాను, నువ్వు లేకపోతే ఇదెక్కడిది?" అన్నాడు అప్పట్లో, మెడ తుడుచుకుంటూ. రాయలేదు. మెడ మాత్రం ఇప్పటికీ తుడుచుకుంటూనే ఉన్నాడు. పొద్దున్నే స్క్రూలు విప్పేటప్పుడు నల్లతెరాయన ఈ సంగతి ఒకసారి తలుచుకుంటాడు. అవాళ కూడా పెదవుల మధ్య ఒక స్క్రూ పట్టుకుని, రెండోది తిప్పుతూ, అదే తలుచుకుంటున్నాడు.

కంప్యూటర్లు బాగుచేసే ఆ దుకాణానికి జేబురుమాలు యజమాని, నల్లతెరాయన పనివాడు. రంగుల బొమ్మలు ఆయనకి గిట్టవు. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు కొట్టుకుంటూ పని చేస్తాడు కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. బడికి ఏడో తరగతిలోనే దండం పెట్టేశాడు. ఇంగ్లీషు చదవలేడు గాని, తెర మీదికొచ్చే వరసల్ని మనుషుల ముఖాల్ని గుర్తుపట్టినట్టు గుర్తుపడతాడు. ఇది అలిగింది, ఇది అబద్ధమాడుతోంది, ఇది పోయింది. యాభై రెండేళ్లు. బొటనవేలి మీద కాలిన మచ్చలు. కుడి మడమ నొప్పి వల్ల ఎడమ కాలి మీదే బరువేసి నిలబడే అలవాటు.

పది గంటలకి ఒకామె చేతిసంచిలోంచి చిన్న డిస్కు తీసి బల్ల మీద పెట్టింది. నడక కొంచెం ఒక పక్కకి ఒరుగుతుంది. గోళ్ల సందుల్లో తోలు రంగు.

"చెప్పుల మేస్త్రి భార్యనండీ. ఆయన పోయి రెండు నెలలైంది. వంకర పాదాలవాళ్లకి, పొట్టి కాలివాళ్లకి చెప్పులు కుట్టేవాడు. మూడొందల మంది కొలతలు ఇందులోనే ఉన్నాయి. ఆస్పత్రి కాగితాలు కూడా ఉన్నాయని తాళం వేసి పెట్టాడు. తాళం మాట నాకు తెలీదు."

"మీరు కుడతారా?"

"పాతికేళ్లు ఆయన పక్కనే కుట్టాను. కొలతలుంటే రేపే దుకాణం తెరుస్తా. లేకపోతే, అందరినీ మళ్లీ పిలిచి కొలవాలి. కొందరు మంచం దిగి రాలేరు."

జేబురుమాలు వెనకనుంచే కేకేశాడు. "తాళం వేసిన డిస్కంటే చచ్చిన డిస్కేనమ్మా! తుడిచేసి వాడుకోండి. లేదంటే కొత్తది తీసుకోండి." ఆమె వెనక్కి వెళ్లబోయింది.

"ఉండమ్మా, నాడి చూడకుండానే పాడె కడతారా ఎవరైనా?" అన్నాడు నల్లతెరాయన, యజమాని వైపు చూడకుండానే.

యజమాని గొణుక్కుంటూ భోజనానికి ఇంటికి పోయాడు. పదిన్నరకే.

నల్లతెరాయన డిస్కు తగిలించి, కంఠతా వచ్చిన వరస కొట్టాడు. హెడరు తెర మీద పరుచుకుంది. హెడరంటే డిస్కు మొదట్లో ఉండే చీటీ లాంటిది. లోపలి సరుకేమిటో చెప్పదు గాని, తాళం ఏ రకమో, ఎన్ని తాళంచెవులకి తెరుచుకుంటుందో చెబుతుంది. చీటీ చెక్కుచెదరలేదు. ముందుగా దాని నకలు ఒకటి తీసి పక్కన పెట్టాడు. తర్వాత వేలితో ఒక్కొక్క వరసా తడుముతూ కిందికి దిగాడు.

"దీనికి రెండు తాళంచెవులున్నాయి చెల్లెమ్మా."

ఆమె ముఖం మాడిపోయింది. "రెండోది ఎవరికిచ్చాడు?"

"అది రాసి ఉండదు. కానీ ఇటు చూడు." రెండు అంకెల మీద వేలు పెట్టాడు. తాళంచెవి తయారుచేసేటప్పుడు మిషను తన సత్తా ఎంతో చూసుకుని, అంత బరువైన లెక్కే ఎత్తుకుని, ఆ బరువెంతో చీటీలో రాస్తుంది. మొదటి తాళంచెవి దగ్గర పెద్ద అంకె. రెండోదాని దగ్గర అందులో పావు వంతు కూడా లేదు. "మొదటిది మంచి మిషను మీద చేశాడు. రెండోది బక్క మిషను మీద. మీ ఇంట్లో పాతది, ముసలిది ఏదైనా ఉందా?"

"నా లాప్‌టాపు. కుట్టేటప్పుడు పాటలు వింటా. దాన్ని నేను తప్ప ఎవరూ ముట్టరు." ఆగింది. "ఒకసారి ఆయన దీన్ని దానికే తగిలించాడు. 'నువ్వు చచ్చినా మర్చిపోనిది ఏదైనా కొట్టు' అన్నాడు. కొట్టాను. తెర మీద ఒక్క అక్షరం పడలేదు. మళ్లీ కొట్టమన్నాడు. అప్పుడూ పడలేదు. 'ఈ మిషనుకి చెవుడు, నాకు పనుంది' అని లేచి పోయాను. ఆయన నవ్వుతూ కూర్చున్నాడు."

"పడదమ్మా. తాళం మాట కొడుతుంటే చుక్క కూడా చూపించదు. పెళ్లయిన కొత్తలో అత్తగారిలాగా విననట్టే ఉంటుంది, అన్నీ వింటుంది."

ఆమె స్టూలు మీద కూలబడింది. "అదేనా రెండో తాళంచెవి? నేను పట్టించుకోనే లేదు అన్నయ్యా. ఏం కొట్టానో..."

"మర్చిపోనిది కొట్టమన్నాడుగా. మర్చిపోయి ఉండవు."

ఆమె తన పాదాల కేసి చూసుకుంది. "అంకెలే. నా పాదాల కొలతలు. నేను ఆయనకి మొదటి గిరాకీని. పెళ్లి ఆ తర్వాత." ఎడమది, కుడిది చెప్పింది. నల్లతెరాయన కీబోర్డు ఆమె వైపు జరిపాడు. ఆమె కొట్టింది. మిషను ఒక వరస తిట్టింది.

"కాదంటోంది."

ఆమె కళ్లు మూసుకుంది. "ఆయన ఎప్పుడూ కుడికాలే ముందు కొలిచేవాడు." వేళ్లు మళ్లీ కదిలాయి.

ఈసారి మిషను ఏమీ అనలేదు. కింది వరసకి వచ్చి ఊరుకుంది.

"ఏమైంది?"

"తిట్టలేదంటే తెరుచుకున్నట్టే." లోపలి ఫైళ్ల వరసలు దొర్లించాడు. పేర్ల పక్కన పాదాల గీతలు, ఒకదాని తర్వాత ఒకటి, మూడొందలకి పైనే. ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుని, ఉన్నట్టుండి ఆయన కాళ్ల వైపు వంగింది.

"ఆ మడమ ఎన్నాళ్లనుంచి?"

"దాని సంగతి వదిలెయ్."

"మొదటి గిరాకీ మీరే. చెప్పు విప్పండి." సంచిలోంచి ఒక కాగితం తీసి నేల మీద పరిచి, పెన్సిలు పట్టుకుంది. ఆయన సిగ్గుపడుతూ పాదం పెట్టాడు. యాభై రెండేళ్లలో ఆ పాదానికి ఎవరూ గీత గీయలేదు.

అప్పుడే జేబురుమాలు వచ్చాడు. "ఇదేం తోలు సంతా! కొత్తది అమ్మావా?"

"పాతదే తెరుచుకుంది."

"పొద్దుటినుంచీ దీని మీదే కూర్చున్నావా? రేపట్నుంచి ఆ నల్లతెర నీ ఇంట్లో చూసుకో!"

నల్లతెరాయన అటు తిరగబోయాడు.

"కాలు కదపకండి అన్నయ్యా, గీత పోతుంది," అంది ఆమె, తలెత్తకుండా. వేళ్ల దగ్గర అప్పటికే గీత కాగితం దాటిపోయింది. "మా దుకాణంలో కిటికీ పక్క బల్ల ఖాళీ. ఆయనది. ముసలి మిషన్లు మా వీధిలో బోలెడు."

నల్లతెరాయన తన సొంత స్క్రూడ్రైవర్లు నాలుగూ ఏరుకుని చొక్కా జేబులో గుచ్చుకున్నాడు. పదకొండేళ్ల మాట నోటిదాకా వచ్చింది గాని, ఇప్పుడెందుకులే అనిపించింది. ఇద్దరూ గుమ్మం దిగారు, ఆమె ఒక పక్కకి ఒరుగుతూ, ఆయన ఇంకో పక్కకి.

జేబురుమాలు మెడ తుడుచుకుంటూ వచ్చి ఆ స్టూలు మీద కూర్చున్నాడు. కింద, బల్ల నీడలో, గచ్చు మీద పెన్సిలు గీత ఒకటి మిగిలి ఉంది, కాగితంలో పట్టని బొటనవేలి వంపు.