చెల్లెలి నిమిషం

మా రేడియో స్టేషన్లో ఉదయం కార్యక్రమానికి ఒక పద్ధతి ఉంది. విడిపోయిన మనిషికి ఎవరో రాసుకున్న ఉత్తరం చదివి, స్టేషన్ ఫోన్ నంబరు చెప్పి, ఒక నిమిషం ఏమీ వేయరు. పాటా ఉండదు, మాటా ఉండదు. ఆ మనిషి ఫోన్ చేస్తారేమోనని అందరూ కలిసి ఎదురుచూస్తారు. పదకొండేళ్లుగా ఆ ఫోన్ ముందు కూర్చునేది నేనే. బడి గడప తొక్కకుండా, పొట్లాల కాగితాల మీద అక్షరాలు కూడబలుక్కుని నేర్చుకున్నదాన్ని. వచ్చిన ఉత్తరాలన్నీ ముందు చదివేదీ నేనే.

ఆ నిమిషానికే దేశం చెవులప్పగించింది. ఎక్కడెక్కడివాళ్లో రికార్డు చేసుకుని ఒకరికొకరు పంపుకున్నారు. చివరికి సోమవారం నుంచి దేశమంతా వినిపిస్తామని పెద్దాఫీసు కబురు పంపింది. అప్పుడు ధైర్యం చేసి నా ఉత్తరం నేను రాసుకున్నాను. అమ్మ పోయిన వారానికే నన్ను పెదనాన్నా, మా చెల్లెల్ని మేనమామా తీసుకెళ్లారు. ఒకే ప్లాట్‌ఫారం, రెండు రైళ్లు. దానికప్పుడు ఆరేళ్లు. ఎక్కడుందో తెలియని మనిషిని వెతకాలంటే దేశమంతా వినాల్సిందే కదా.

శుక్రవారం పెద్దాఫీసు అధికారి వచ్చాడు. ఉత్తరం అయిపోగానే తాము సంగీతం అందుకుంటామనీ, నంబరూ నిమిషమూ ఇక ఉండవనీ చెప్పాడు. నాకు ఒళ్లు మండింది.

"దేశం మెచ్చింది దాన్నే కదా బాబూ? ముక్కు కోసేసి మొహం బాగుందంటావేం?"

"రూల్సు పెద్దమ్మా. ఉత్తరంలో మాత్రం అక్షరం ముట్టుకోం, సరేనా?" అని నవ్వాడు.

ఆ మాట పట్టుకుని ఇంటికెళ్లాను. రెండు రోజులూ ఆ ఉత్తరం ముందేసుకుని కూర్చున్నాను. చించి రాశాను, రాసి చించాను.

సోమవారం మా అనౌన్సరమ్మ కాగితం విప్పి, స్టూడియో అద్దంలోంచి నావైపు ఒకసారి చూసి, మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది.

"చెల్లీ, ముందు ఈ నంబరు రాసుకో."

నంబరు మొదట్లో ఒకసారి, మధ్యలో ఒకసారి, ఆఖర్న ఒకసారి రాశాను. ఉత్తరం ముగిసింది. పెద్దాఫీసులో సంగీతం మొదలయ్యే ఉంటుంది. మా గదిలో మాత్రం ఎప్పటిలాగే నిశ్శబ్దం.

ఫోన్ మోగింది. తీస్తే ఆ అధికారే. నంబరు ఎవరు చదవమన్నారని, సంజాయిషీ రాసివ్వాలని కేకలు.

"నాయనా, ఇక్కడున్నది ఒక్కటే లైను. ఇది మా చెల్లెలి నిమిషం. నీ తిట్లు తర్వాత తింటాను, పెట్టెయ్" అన్నాను.

ఇంకా ఏదో అంటూనే ఉన్నాడు. నేనే పెట్టేశాను. గోడ గడియారంలో ఇంకా ముప్పై సెకన్లున్నాయి. ఫోన్ మీంచి చెయ్యి తియ్యలేదు.