తలుపు మీద ఎర్ర తువ్వాలు

"ఏరా, మీ ఆఫీసులో బ్రెడ్డు పెడతారటగా?"

పక్క గదిలోంచి తండ్రి అడిగాడు. అడిగేసరికే ఆలస్యమైపోయింది. ఉదయం తొమ్మిదింటికి కంప్యూటర్‌లో సూపర్‌వైజరమ్మ మాట్లాడిన పది నిమిషాల్లో ముసలాయన చెవికి అందింది ఆ ఒక్క ముక్కే. దాన్ని ఆయన, రోజూ బీపీ చూడటానికి వచ్చే ఎదురింటి రిటైర్డు కాంపౌండరుకి అందించేశాడు కూడా.

"మంచిదేగా, పొద్దున్నే టిఫిను బెడద తప్పుతుంది" అన్నాడు కాంపౌండరు, చేతి పట్టీ విప్పుతూ.

"బ్రెడ్డు కాదు నాన్నా, హైబ్రిడ్డు. వచ్చే నెల నుంచి మూడు రోజులు ఆఫీసు, రెండు రోజులు ఇల్లు."

"అంటే సంకరజాతి ఉద్యోగం."

"అలాగే అనుకో."

"రెండు గేర్లు ఒకేసారి వేస్తే బండి కదలదురా. కావాలంటే మా డ్రైవర్నడగమను మీ సూపర్‌వైజరమ్మని" అన్నాడు ముసలాయన. ఆయన ముప్పయ్యేళ్ళు బస్సు కండక్టరు. ఆ వీధిలో పిల్లలు ఆయన్ని రైట్‌రైట్ తాత అంటారు.

కొడుకుది వాషింగ్ మెషీన్ల కంపెనీలో ఫిర్యాదుల విభాగం. మెషీను తిరగకపోతే మనిషి తిరగబడతాడు. తిరగబడ్డ మనిషిని తిరిగి దారికి తేవడం అతని పని. రోజుకి డెబ్భైసార్లు సారీ చెబుతాడు గనక ఆఫీసులో అందరూ సారీగారు అనేవారు. ఇరవై రెండేళ్ళ సర్వీసులో అతనికి దక్కిన బిరుదు అదొక్కటే. యాభై దాటాడు. హెడ్‌ఫోను నొక్కి నొక్కి నడినెత్తి జుట్టులో చాలు పడింది. నడుం దగ్గర అతను రెండు ముక్కలు: పైన కెమెరా కోసం ఇస్త్రీ చొక్కా, కింద మోకాళ్ళ దగ్గర సంచుల్లా సాగిన పైజమా.

మూడేళ్ళ కిందట పని అతని ఇంటికొచ్చింది. చుట్టమైతే రెండు రోజులుండి పోతుంది; ఇది పడకగదిలో బల్ల వేసుక్కూర్చుంది. కంపెనీ 'ఇంటి నుంచి పని' అంది. బడిలో పాఠాలు చెప్పే భార్య దాన్ని 'ఇంటి పని' అని చదువుకుంది. ఎనిమిదింటికి ఆమె వెళ్ళిపోతే కుక్కరు కూతలూ, తడి బట్టలూ, గ్యాసు బండా అతని వంతు. నడుం నొప్పి కూడా అతని సొంతమే. ఆఫీసుకెళ్ళేవాళ్ళకి పై మెట్టు దొరికింది, ఇంట్లో ఉన్నవాడికి పై కప్పు మిగిలింది. అతని దగ్గర పని నేర్చుకున్న పిల్లే ఇప్పుడతనికి సూపర్‌వైజరమ్మ. ఎదురుగా ఉన్న మనిషి మొహం చూసి జోకెయ్యడం కూడా మరిచిపోయాడు.

ఇదంతా నష్టం కింద రాసుకుంటే, లాభం కింద ఉన్నది ఒక్క మనిషి. నాన్న.

నిరుడు ముసలాయన గుండె ఒక స్టాపులో ఆగి, ఎలాగో మళ్ళీ బయలుదేరింది. ఒంటరిగా వదలొద్దన్నాడు డాక్టరు. ఛాతీలో పట్టేసినట్టుంటే వెంటనే నాలిక కింద మాత్ర పెట్టాలన్నాడు. ఓసారి ఆయన కంగారులో మూడు మాత్రలు పెట్టుకుని కళ్ళు తేలేశాడు. ఆ రోజు నుంచి మాత్రల సీసా కొడుకు బల్ల సొరుగులో ఉంటుంది. నొప్పి వస్తే ఆయన కొడుకు దగ్గరికి రావాలి. కొడుకు ఇంట్లో ఉండాలి. ఆఫీసు పన్నెండు స్టేజీల దూరం.

మొదట్లో పిలవడానికి కండక్టరు ఈల ఉండేది. ఒకనాడు ఫోనులో ఉండగా ఆయన రెండుసార్లు ఊదాడు. అవతలి మనిషి, "మీరు బస్సులో కూర్చుని మా మెషీను బాగుచేస్తారా?" అన్నాడు. మెమో వచ్చింది. ఈల బీరువాలోకి పోయింది. అప్పుడే పెట్టుకున్నారీ పద్ధతి: తలుపు గొళ్ళేనికి ఎర్ర తువ్వాలు వేలాడుతుంటే ఫోను నడుస్తున్నట్టు, తలుపు తట్టకూడదు, పిలవకూడదు. ఆలోచన ముసలాయనదే.

"ఎర్రజెండా దాటితే నా సర్వీసుకే మచ్చ" అన్నాడు.

అన్నట్టే ఆ తరవాత ఒక్కసారి దాటలేదు. ఒక్కొక్క ఫోను పది నిమిషాలకి మించదు. అది అయిపోగానే అతను తువ్వాలు తీసి భుజాన వేసుకునేవాడు.

పూర్తిగా ఇంట్లోనే ఉండిపోయే అనుమతి సెక్షన్‌కి ఒక్కరికేనని పొద్దున సూపర్‌వైజరమ్మ చెప్పింది. కావాలన్నవాళ్ళు పన్నెండులోపు కారణాలు రాసి పంపాలి. చంటిబిడ్డ తల్లి ఒకామె కూడా అడుగుతోందట.

"పసిపిల్లతో పోటీ నాకు" అన్నాడు ముసలాయన. "నాకూ పళ్ళు లేవుగా, సమానమే. బాగా రాయి. నా గురించి నాలుగు అబద్ధాలు రాసినా ఏమీ అనుకోను."

"అబద్ధాలెందుకు నాన్నా, ఉన్నదే చాలు."

పదకొండుకి ఒకావిడ ఫోను.

"మీ మెషీను నా పట్టుచీర నమిలేసిందండీ."

"క్షమించండమ్మా."

"నమిలింది అది. మింగలేకపోతున్నది నేను."

అతను ఏడుసార్లు సారీ చెప్పి, మెకానిక్కుని పంపిస్తానని ఫోను పెట్టేశాడు. పదకొండూ పది. ఇంకో ఫోను రాకుండా కంప్యూటర్‌లో విరామం నొక్కాడు. తువ్వాలు తియ్యడానికి లేచి, తలుపు దాకా వెళ్ళి ఆగాడు. తీస్తే తండ్రి వచ్చి కూర్చుంటాడు. ఏం రాశావు, చదువు అంటాడు. ప్రతి వాక్యానికీ ఒక జోకు. పన్నెండు అక్కడే అవుతుంది. ఒక్క అరగంట, అనుకున్నాడు. తువ్వాలు అలాగే ఉంచి వచ్చి కూర్చున్నాడు.

ఫోనులో ఎవరినైనా సముదాయించగలడు గాని, తన కోసం రాసుకోవడం అతనికి చేతకాదు. 'మా తండ్రిగారు హృద్రోగి' అని రాసి కొట్టేశాడు. మరీ పేపరు ప్రకటనలా ఉంది. 'ఆయన పిలిస్తే పలికే దూరంలో నేను ఉండటం అవసరం' అని రాశాడు. ఈ వాక్యం బాగుందనిపించింది. మరి ఆ చంటిబిడ్డ? కాసేపు కిటికీ వైపు చూశాడు. మళ్ళీ రాశాడు. పక్క గదిలో ముసలాయన దగ్గాడు. ఒక నిమిషంలో వస్తున్నానని మనసులోనే చెప్పాడు. తరవాతెప్పుడో తలుపవతల ఏదో నేలని రాసుకున్న చప్పుడైంది. పై అంతస్తువాళ్ళు బల్ల జరుపుతున్నారనుకున్నాడు. 'అవసరం' కొట్టేసి 'అత్యవసరం' చేశాడు.

పంపేసరికి పదకొండూ యాభై. తువ్వాలు లాగి భుజాన వేసుకుని, కాగితం మీద రాసిన చిత్తుప్రతి తండ్రికి చదివి వినిపిద్దామని పట్టుకెళ్ళాడు.

ముసలాయన మంచం అంచున కూర్చుని గోడకి ఆనుకుని ఉన్నాడు. అరచెయ్యి చొక్కా మీద, బొత్తాల దగ్గర ఉంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది.

"నాన్నా" అన్నాడు. ఇంకోసారి అన్నాడు. సొరుగు దగ్గరికి పరుగెత్తి మాత్ర తెచ్చి నాలిక కింద పెట్టాడు. అది అక్కడే ఉండిపోయింది.

కాంపౌండరు వచ్చి మణికట్టు పట్టుకున్నాడు. చాలాసేపు వదల్లేదు. వదిలాక ముసలాయన నోరు మెల్లగా మూశాడు.

ఒంటిగంటకి భార్య వచ్చింది, రెండింటికి చెల్లెలు వచ్చింది. జేబులో ఫోను మోగింది: మీ కారణం బలంగా ఉంది, అనుమతి మీకే ఇస్తున్నాం. చదివి జేబులో పెట్టుకున్నాడు.

"పాపం, ఫోనులో ఉన్నాడమ్మా" కాంపౌండరు చెల్లెలికి చెబుతున్నాడు. "తలుపుకి తువ్వాలుంది, నేను పేపరు తీసుకోడానికి వచ్చినప్పుడు చూశాను. ఆయన పడుకునున్నాడు అప్పటికి. ఉద్యోగం కదా, ఏం చేస్తాడు?"

"అన్నయ్య తప్పేముందిలెండి" అంది చెల్లెలు, ముక్కు తుడుచుకుంటూ. "ఇంట్లోనే ఉన్నాడు, అదే పదివేలు."

భార్య అతని వీపు మీద చెయ్యి వేసింది. "ఎవరిదండీ అంతసేపు ఫోను?"

"ఎవరిదీ కాదు" అన్నాడు.

ముగ్గురూ చూశారు.

"ఫోను లేదు. పదకొండూ పదికే అయిపోయింది. నాన్న వస్తే రాయనివ్వడని తువ్వాలు తియ్యలేదు." గొంతు ఫిర్యాదులు వినే గొంతులాగే ఉంది, నిదానంగా, మర్యాదగా. "నలభై నిమిషాలు. మాత్రలు నా దగ్గరే ఉన్నాయి. నేను ఖాళీగానే ఉన్నాను."

సారీ అనే మాట కోసం నోరు తెరిచాడు. రాలేదు.

భార్య చెయ్యి వీపు మీద నుంచి జారింది. చెల్లెలు అతన్ని చూడలేక అతని గది తలుపు వైపు చూసింది. మిగతా ఇద్దరూ అటే చూశారు. గడప ముందు, గోడ వారగా, ముసలాయన రబ్బరు చెప్పు ఒకటి పడి ఉంది, మొన వెనక్కి తిరిగి, ఆయన మంచం వైపుకి.