చేతి బిగువు

ఏడో శనివారం కూడా నల్లబల్ల మీద తన పేరు పక్కన దర్జీ ఆవిడ పేరే రాసి ఉండటం చూశాక లిఫ్టాయనకు ఇక సందేహం లేకపోయింది. ఒకసారైతే ఏదో కుదిరిందనుకోవచ్చు. రెండోసారైతే మార్చడానికి బద్ధకించారనుకోవచ్చు. ఏడుసార్లంటే అది ఏర్పాటే.

మిగతావాళ్ళ జతలు వారం వారం మారుతున్నాయి. బస్సు డ్రైవరు ఒక వారం ముళ్ళకంప దగ్గర ఉంటే మరో వారం మొక్కలకు కంచెలు కడుతూ కనిపిస్తాడు, ప్రతిసారీ వేరే మనిషితో. లిఫ్టాయనకు మాత్రం మొదటి రోజు నుంచీ ఈవిడే. అరవై దాటిన మనిషి. కుట్టుమిషను ముందు కూర్చుని కూర్చుని వంగిన మెడతో, ఎదుటివాళ్ళ భుజాలు కొలుస్తున్నట్టు చూస్తుంది. మాట మెత్తగానే ఉంటుంది. అడిగే ప్రశ్నలే అతనికి నచ్చేవి కావు.

“రాత్రి నిద్ర పట్టిందా తమ్ముడూ?”

“పట్టింది.”

“పొద్దున ఏమైనా తిన్నావా?”

“తిన్నాను.”

కంపెనీ డాక్టరు అడిగేవీ ఇవే. ఇదే వరుసలో అడుగుతాడు.

అతను ఇక్కడికి చెట్ల మీద ప్రేమతో రాలేదు. ఇరవై రెండేళ్ళు లిఫ్టులు బాగుచేశాడు. అన్నేళ్ళలో ఒక్క తాడు తెగలేదు, ఒక్కరికి గీత పడలేదు. ఒక రోజు పని ముగించి, సంతకం పెట్టి, ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మోటారు గదిలో ఒక నట్టు బిగించానా లేదా అన్న అనుమానం వచ్చింది. వెనక్కి వెళ్ళి చూశాడు. బిగించే ఉంది. మరుసటి రోజు ఇంకో నట్టు. ఏడాది తిరిగేసరికి ఒక్కో లిఫ్టునూ నాలుగేసి సార్లు చూసుకుంటేగాని సంతకం పెట్టలేని స్థితికి వచ్చాడు. ఆఖరికి ఒక ఆరంతస్తుల భవనంలో లిఫ్టు ఆపేసి, మెట్లెక్కలేని ముసలివాళ్ళు కింద నుంచి తిడుతున్నా వినిపించుకోకుండా, పదకొండు రోజులు మోటారు గది వదల్లేదు. కంపెనీ అతని తాళాలగుత్తి తీసుకుని సెలవు మీద పంపింది.

“మందు నేనిస్తాను. మందుతో పాటు ఆరుబయట పని కూడా కావాలి, నలుగురితో కలిసి చేసేది,” అన్నాడు కంపెనీ డాక్టరు. “ఆ తోపులో పన్నెండు శనివారాలు పనిచెయ్యి. నలుగురితో కలిసి పనిచేయగలడని అక్కడి టీచరుగారు ఉత్తరం రాసిస్తే, నీ తాళాలు నీకిప్పించే పూచీ నాది.”

తాళాలు ఉత్తరం మీద ఆధారపడ్డాయి. ఉత్తరం పంతులమ్మ చేతిలో ఉంది. ఆ పంతులమ్మ చేతిలో ఎప్పుడు చూసినా ఒక నల్ల నోటుపుస్తకం ఉంది.

తోపు ఊరి అంచున, నీళ్ళ ట్యాంకుకీ గూడ్సు పట్టాలకీ మధ్య ఉంది. ఎప్పుడో ఎవరో చెట్లను దగ్గర దగ్గరగా నాటి వదిలేశారు. అవి వెలుతురు కోసం పోటీపడుతూ, ఒకదాన్నొకటి ఓరగా చూసుకుంటూ, సన్నగా పొడుగ్గా పెరిగాయి. కొన్నిటిని తీసేస్తేగాని మిగతావి ఒళ్ళు చెయ్యవు. ఆ తీసేసే పనీ, ఖాళీ అయిన చోట కొత్త మొక్కలు పెట్టే పనీ, కాలిదారులు బాగుచేసే పనీ చుట్టుపక్కలవాళ్ళే శనివారాల్లో చేసుకుంటారు. రిటైరయ్యాక ఈ బాధ్యత నెత్తికెత్తుకుంది పంతులమ్మ.

ఏడు వారాల్లో లిఫ్టాయనకు కొన్ని పనులు చేతనయ్యాయి. కొడవలిని సానరాయి మీద ఎంత వాలుగా పట్టుకోవాలో తెలిసింది. బెరడు చూసి చెట్టు ఎండిందో లేదో చెప్పగలుగుతున్నాడు. అరచేతులు కాయలు కాచాయి. ఆకలి వేస్తోంది. శనివారం మధ్యాహ్నం నడుం వాలిస్తే సాయంత్రం దాకా మెలకువ రావడంలేదు. ఆ నిద్ర మీద కూడా అతనికి అనుమానమే.

“వదినా, నా పాలల్లో ఏమైనా కలుపుతున్నావా?” అని ఒక రోజు అడిగేశాడు.

వదిన గరిటెతో సహా వెనక్కి తిరిగింది. “కలుపుతున్నాను.”

“ఏంటది?”

“పంచదార. అదీ మానెయ్యమంటావా?”

పేపరు చాటు నుంచి అన్నయ్య నవ్వు వినిపించింది. అంత వెంటనే నవ్వాడంటే ఇద్దరూ ముందే ఏదో అనుకున్నారన్నమాట.

దుంగలు కోసే పని నాలుగో వారం మొదలైంది. మనిషంత పొడవు రంపం, చెరో కొసకీ ఒక పిడి, ఇద్దరు మనుషులు. దానికి ఒకటే పద్ధతి. లాగాలి, తోయకూడదు. మనవైపు లాగి వదిలితే అవతలివాళ్ళు వాళ్ళవైపు లాగుతారు. వదలడమంటే చెయ్యి తీసెయ్యడం కాదు. చెయ్యి పిడి మీదే ఉంచి, బలం మాత్రం తీసెయ్యాలి. లిఫ్టాయనకు అదే వంటపట్టలేదు. రంపం తన దగ్గర నుంచి వెళ్ళిపోయే ఆ అర క్షణం కాళ్ళ కింద నేల లేనట్టుండేది. అవతలి మనిషి లాగుతుందని నమ్మకమేమిటి? అందుకని తనే తోసేవాడు. తోస్తే రంపం రేకు వంకరపోయి కోతలో ఇరుక్కునేది.

ఆ రోజూ అదే జరిగింది.

“తోయకు తమ్ముడూ. నేను లాగుతాను కదా.”

“లాగుతున్నారో లేదో చూస్తున్నానండీ.”

“చూడ్డానికి దేవుడు కళ్ళిచ్చాడుగా. చేతులతో చూడ్డమెందుకు?”

కంప మోపుతో అటుగా వెళ్తున్న బస్సు డ్రైవరు ఆగాడు. “లిఫ్టాయనా, మీకూ నా జబ్బే ఉన్నట్టుంది. పక్క సీట్లో కూర్చున్నా సరే, నా కాలు బ్రేకు తొక్కుతూనే ఉంటుంది. మా ఆవిడ నన్ను కారెక్కించుకోవడం మానేసింది!”

దర్జీ ఆవిడ నవ్వింది. లిఫ్టాయన నవ్వలేదు. తనకు జబ్బని ఈ డ్రైవరుకు ఎవరు చెప్పారు?

జవాబు టీ వేళకు దొరికింది. షెడ్డు వెనక పంతులమ్మా దర్జీ ఆవిడా తలలు దగ్గరపెట్టి మాట్లాడుకుంటున్నారు. నీళ్ళ డబ్బా కోసం వెళ్ళిన అతనికి రెండు ముక్కలు చెవిన పడ్డాయి.

“ఆయన్నే ఉంచండి నాతో. ఇంకో ఐదు వారాలేగా.”

“సరే. ఆయనకు చెప్పనా మరి?”

“వద్దు, వద్దు. ఆయనకు అస్సలు తెలియకూడదు.”

పంతులమ్మ నోటుపుస్తకం తెరిచి ఏదో రాసుకుంది.

అతను నీళ్ళు తాగకుండానే దుంగ దగ్గరకు తిరిగొచ్చాడు. అనుకున్నదే నిజమైతే మనిషికి ఊరట కలగాలి. అతనికి చలి పుట్టింది. రంపం దుంగ మీద అడ్డంగా ఉంది. తన వైపు పిడి రేకుకు రివిట్లతో కొట్టేసి ఉంది. ఆవిడ వైపు పిడికి మాత్రం వేళ్ళతో తిప్పే రెండు చెవుల నట్టు ఉంది. వేలితో తాకి చూశాడు. కదిలింది.

వదులు నట్టు!

ఇరవై రెండేళ్ళు లిఫ్టులు చూసిన మనిషి కళ్ళెదుట వదులు నట్టు. ఇది ఊరికే జరిగిందా? కావాలనే వదిలి ఉంటారు. బిగిస్తే ‘ఇంకా నట్ల పిచ్చి పోలేదు’ అని రాసుకుంటారు. బిగించకపోతే ‘వదులు నట్టు కూడా కనిపెట్టలేడు’ అని రాసుకుంటారు. చుట్టూ చూశాడు. అందరూ టీ దగ్గరే ఉన్నారు. మేజోడులో దాచుకున్న చిన్న స్పానరు బయటికి తీశాడు. కంపెనీ తీసుకున్నది తాళాలను. ఇది అతని సొంతం. నట్టు చెవిని దాని దవడల మధ్య పట్టించి, ఒక చుట్టు తిప్పి, ఇంకో పావు చుట్టు కూడా తిప్పాడు. లోహం కిర్రుమంది. ఛాతీలో కూడా ఏదో సర్దుకుని కూర్చున్నట్టయింది. ఎన్నో నెలలుగా ఎరగని హాయి అది.

టీ తర్వాత కోత సాగింది. దుంగ రెండు కొసలూ మిట్టల మీద ఆని ఉన్నాయి, నడుమ కింద అంతా బోలు. రేకు సగం దాటి దిగేసరికి దుంగ లోపల్నుంచి చిటపటమని శబ్దం వచ్చింది.

“ఆగు,” అంది దర్జీ ఆవిడ. “కోత మూసుకుంటోంది. నా పిడి ఊడదీస్తాను, నువ్వు నీ వైపుకి రంపం లాగేసుకో.”

“పిడి ఊడదీస్తారా?”

“రంపం చేతికిచ్చిన రోజే చెప్పారుగా టీచరుగారు. దుంగ కుంగితే చటుక్కున తియ్యడానికే కదా ఆ నట్టు చేతి బిగువులో ఉంచేది.”

చెప్పే ఉంటుంది. ఆ రోజు అతను పంతులమ్మ మాటలు వినలేదు. ఆవిడ నోటుపుస్తకంలో ఎన్ని పేజీలు తిప్పుతుందో లెక్కపెడుతున్నాడు.

ఆవిడ నట్టు తిప్పింది. కదల్లేదు. రెండు చేతులతో తిప్పింది. “అదేంటి, రావట్లేదు!”

స్పానరు అతని మేజోట్లోనే ఉంది. దుంగ చుట్టూ తిరిగి వెళ్తే నాలుగడుగులు. బయటికి తీస్తే పని క్షణంలో అయిపోతుంది. బయటికి తీస్తే అందరికీ తెలిసిపోతుంది. ఆ నాలుగడుగులూ అతను వెయ్యలేదు.

దుంగ ఫెళ్ళుమని కుంగింది. రేకు విల్లులా వంగింది, పిడి ఎగిరి ఆవిడ ముంజేతి మీద కొట్టింది.

అందరూ పరుగెత్తుకొచ్చారు. డ్రైవరు ఆవిడ చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ కదిలించమన్నాడు. ఎముక విరగలేదు. మణికట్టు వాచిపోయింది. రంపం రేకు మెలితిరిగి ఇక ఎందుకూ పనికిరాకుండా పోయింది. డ్రైవరు నట్టు తిప్పబోయి తనవల్ల కాక వదిలేశాడు.

“దీన్ని ఏనుగు చేత బిగించారా ఏంటి?”

“నేనే అయ్యుంటాను,” అంది దర్జీ ఆవిడ.

ఆ గొంతు విని లిఫ్టాయన తలెత్తాడు. ఆ గొంతు అతనికి తెలుసు. తన గొంతే అది, పోయినేడాదిది.

“పొద్దున పిడి తగిలించింది నేనేగా. ఎంత బిగించానో నాకే గుర్తులేదు. మీకు చెప్పాను కదా టీచరుగారూ! పోయిన నెల ఒకే చొక్కాకి రెండూ ఎడమ చేతులే కుట్టాను. మా కోడలు నా కత్తెర తీసి బీరువాలో పెట్టేసింది. ఇక్కడొక్కచోటే నా చేతికి పనిముట్టు ఇచ్చారు.” వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకుని అతని వైపు చూసింది. “దాచి లాభమేముంది ఇంక. మొదటి వారం నీ పని చూశాక, ప్రతి వారం నిన్నే నాకు జతగా వెయ్యమని నేనే అడిగాను తమ్ముడూ. నువ్వు ప్రతిదీ రెండుసార్లు చూస్తావు. నేను ఏదైనా మర్చిపోయినా నువ్వు పట్టుకుంటావని ధైర్యం. ఇవాళ నీకూ దొరకలేదంటే, నా మతిమరుపు అంత ముదిరిందన్నమాట.”

పంతులమ్మ ఆవిడ పక్కన కూర్చుంది. “కొన్నాళ్ళు రంపం పక్కన పెడదాం లెండి. మొక్కలకు నీళ్ళు పోద్దురుగాని.”

“అలాగే,” అంది ఆవిడ. కత్తెర తీసేసుకున్నప్పుడు కోడలితో కూడా ఇలాగే అని ఉంటుంది.

లిఫ్టాయన ఉత్తరం గురించి ఆలోచించాడు. నోరు మెదపకుండా ఉంటే ఐదు శనివారాల్లో తాళాలు చేతికొస్తాయి. ఎవరూ అతన్ని అనుమానించడం లేదు. అనుమానించాలన్న ఊహే ఎవరికీ రాలేదు. ఏడు వారాలుగా తన చుట్టూ కట్టుకున్న కుట్ర అంతా చూస్తుండగానే ఖాళీ అయిపోయి, అందులో తానొక్కడే నిలబడి ఉన్నట్టుంది.

“మీరు కాదక్కా,” అన్నాడు.

మేజోడులోంచి స్పానరు తీసి దుంగ మీద పెట్టాడు. “టీ వేళ నేను బిగించాను. దీంతో.”

దర్జీ ఆవిడ కళ్ళు చిన్నవి చేసుకుంది. “నిజం చెప్తున్నావా? నన్ను ఊరుకోబెట్టడానికి కాదు కదా?”

“కాదక్కా.”

“ఏమో. మా వాడూ ఇలాగే అంటాడు. తాళం నేను ఎక్కడో పెట్టి మర్చిపోతే, నేనే పెట్టానమ్మా అంటాడు.”

నేరం ఒప్పుకున్నా నమ్మే మనిషి లేని చోట ఏం చెయ్యాలో అతనికి తోచలేదు. వంగి నట్టు చెవి చూపించాడు. పాత తుప్పు మీద రెండు కొత్త గీతలు మెరుస్తున్నాయి. స్పానరు దవడలు ఆ గీతల మీద పెడితే సరిగ్గా సరిపోయాయి. ఆవిడ మంచి చేతి బొటనవేలితో ఆ గీతలను రెండుసార్లు తడిమింది, గుడ్డలో పోగు వెతుకుతున్నట్టు.

“అమ్మయ్య,” అంది. ఆ వెంటనే మొహం ఎర్రబడింది. “అమ్మయ్య ఏంటి, నా మొహం! బుద్ధుందా నీకు? నేను అంతసేపు తంటాలు పడుతుంటే రాయిలా నిలబడి చూస్తావా? ఈ చెయ్యి పోతే నీ చెయ్యి కోసి అతికించేవాడివా?”

“లేదక్కా.”

“నోర్ముయ్.”

ఆవిడ తిట్టేకొద్దీ గొంతులో పాత బలం తిరిగొస్తోంది. డ్రైవరు మొహం తిప్పుకుని మీసాల్లో నవ్వుకున్నాడు.

పంతులమ్మ నవ్వలేదు. నోటుపుస్తకం తెరిచింది.

“ఇది కూడా రాస్తారా?” అన్నాడు లిఫ్టాయన.

“ఉత్తరం పన్నెండో వారం రాస్తాను. నేను చూసిందే రాస్తాను.”

“ఇవాళ్టిది కూడానా?”

“ఇవాళ్టిది ముందు రాస్తాను.” చెయ్యి చాపింది. “స్పానరు ఇటివ్వండి.”

షెడ్డులో గోడకు ఒక బల్ల ఉంది. ఏ పనిముట్టు ఎక్కడ వేలాడాలో తెలిసేలా ఒక్కోదాని ఆకారం రంగుతో గీసి ఉంటుంది. పంతులమ్మ ఖాళీ చోట ఒక మేకు కొట్టి, స్పానరు తగిలించి, చుట్టూ సుద్దముక్కతో గీత గీసింది. అతని వస్తువును లాక్కుందో, దానికి ఇక్కడొక చోటిచ్చిందో అతనికి అర్థం కాలేదు. మొహం చూసి తెలుసుకుందామంటే అప్పటికే అటు తిరిగింది.

ఎనిమిదో శనివారం అతను అందరికంటే ముందు వచ్చి నల్లబల్ల చూశాడు. తన పక్కన మళ్ళీ దర్జీ ఆవిడే.

ఆవిడ మణికట్టుకు కట్టుతో వచ్చింది. షెడ్డులో మిగిలిన రెండో రంపం తెచ్చుకుని, సన్నపాటి దుంగ ఎంచుకున్నారు. అతను నట్టు తగిలించాడు, వేళ్ళతో. ఆవిడ ఊడదీసి చూసింది. మళ్ళీ తగిలించి, మళ్ళీ ఊడదీసింది.

“నా మీద నమ్మకం లేదా?”

“లేదు,” అంది ఆవిడ.

ఎడమ చేత్తో పిడి పట్టుకుంది. అతను ఎదురుగా కూర్చున్నాడు.

“ఈ వారం కూడా మీరే అడిగారా, నన్ను వెయ్యమని?”

“నేనెందుకు అడుగుతాను, రంపం నాశనం చేసిన మనిషిని? నువ్వే అడిగావేమో అనుకున్నాను.”

అతను అడగలేదు. తలతిప్పి షెడ్డు వైపు చూశాడు. పంతులమ్మ గుమ్మంలో నిలబడి ఏదో రాసుకుంటోంది. ఆ పేజీలు అతను మళ్ళీ లెక్కపెట్టబోయాడు.

“అటేం చూస్తావు? లాగు.”

లాగాడు. రంపం తన వైపుకి వచ్చింది. ఇక వెళ్ళాలి. ఆవిడది ఎడమ చెయ్యి, కట్టు కట్టిన మనిషి, మతిమరుపు మనిషి, అతన్ని నమ్మని మనిషి. లాగుతుందో లేదో. చెయ్యి పిడి మీదే ఉంచి, బలం తీసేశాడు. కాళ్ళ కింద నేల ఎప్పటిలాగే లేకుండా పోయింది.

రంపం అటు కదిలింది.