అద్దాలక్క తల

కళ్ళజోళ్ళ దుకాణంలో అందరూ ఆమెను అద్దాలక్క అంటారు. ఎవరి ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో కౌంటరు దగ్గర నిలబడి చెప్పడం ఆమె పని. ఆ పనంటే ఆమెకు ప్రాణం. వచ్చిన చిక్కల్లా తలతోనే. ఎసెన్షియల్ ట్రెమర్ అట, వణుకు జబ్బు. చేతుల్లో కొద్దిగానే ఉంది కానీ, తల మాత్రం దానంతటదే అటూ ఇటూ ఊగుతుంది, చూసేవాళ్ళకు "వద్దు, వద్దు" అంటున్నట్టు.

ఇంకో దుకాణంలో అయితే ఎలాగో నెట్టుకొచ్చేదేమో. ఇక్కడ అది కొంప ముంచింది. కొత్త ఫ్రేము పెట్టి చూడాలంటే పాత కళ్ళజోడు తీసెయ్యాలి కదా! ఇక అద్దంలో ఎవరి ముఖం వాళ్ళకే మసకమసకగా కనిపిస్తుంది. అందుకని కళ్ళు చికిలించి అద్దాలక్క వంక చూస్తారు. నోరేమో "భలే ఉంది" అంటుంది, తలేమో "వద్దు" అంటుంది. జనం తలనే నమ్మి, ఫ్రేము అక్కడ పెట్టేసి చక్కా పోయేవారు.

"నీ తప్పేం లేదమ్మా," అన్నాడు యజమాని గొంతు తగ్గించి. "వచ్చే నెల నుంచి వెనక గదిలో అద్దాలు తుడిచే పని చూసుకో. ముందు నేను నిలబడతాను."

ఆమె ప్రాణం ఉసూరుమంది. మనిషి ముఖం కనబడని ఆ గదిలో ఏం చేస్తుంది? "డాక్టరుకి చూపించుకుంటానండీ, కాస్త ఆగండి," అంది. సరే, రెండు నెలలు చూద్దామన్నాడాయన.

నరాల డాక్టరు నిదానమైన మనిషి. ఆపరేషన్ దాకా పోనక్కర్లేదు, ముందు వేరే దారులున్నాయంది. మామూలుగా గుండె వేగం తగ్గించే మాత్రతో మొదలుపెడతారట. ఈవిడకు ఉబ్బసం, అది పడదు. ఇంకో మాత్ర ఇస్తే నిద్ర ముంచుకొచ్చి కూర్చున్నచోటే కునికిపాట్లు పడింది.

"అడ్డంగా ఊగే తల ఇప్పుడు నిలువుగా ఊగుతోంది. ఏమడిగినా ఒప్పుకునేట్టున్నావు," అన్నాడు భర్త. ఆమెకు ఒళ్ళు మండింది, ఆ తర్వాత నవ్వొచ్చింది.

ఆ మాత్ర మానిపించి, కాఫీ తగ్గించమని, చివరికి మెడ కండరాల్లోకి ఇంజెక్షన్లు ఇచ్చింది డాక్టరు. "జబ్బు పోదమ్మా. కొన్ని నెలలు అణిగి ఉంటుంది, మళ్ళీ వేయించుకోవాలి," అని ముందే చెప్పింది. కొన్నాళ్ళు మెడ నీరసంగా, మింగడం కష్టంగా అనిపించింది. తర్వాత ఒక ఉదయం జడ వేసుకుంటూ అద్దంలో చూసుకుంటే, తల దాదాపు కుదురుగా ఉంది. సంతోషం పట్టలేక దువ్వెన పట్టుకునే కాసేపు ఏడ్చింది.

గడువు తీరింది. యజమాని వచ్చి, తన కళ్ళజోడు తీసేసి ఒక కొత్త ఫ్రేము పెట్టుకున్నాడు. పరీక్షకే వచ్చాడని ఆమెకు తెలిసిపోయింది. తల కదిలిందా, రేపటి నుంచి వెనక గదే.

"నాకెలా ఉంది?" అన్నాడు కళ్ళు చికిలించి.

బంగారు రంగు, జిగేల్ జిగేల్. ఆ గుండ్రటి ముఖానికి అంతకంటే దరిద్రమైన ఫ్రేము దుకాణం మొత్తంలో లేదు. బాగుందని అబద్ధం చెబితే సరిపోయేది. ఆమె వల్ల కాలేదు. తల అడ్డంగా ఊపింది.

యజమాని ముఖం వాడిపోయింది. "అయ్యో, ఇంజెక్షన్ పనిచెయ్యలేదా అమ్మా?"

"పనిచేసిందండీ. ఇప్పుడు ఊపింది నేనే. అది మీకు బొత్తిగా బాలేదు."

ఆయన ఫ్రేము తీసి కౌంటరు మీద పెట్టాడు. వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు లాక్కుని, కొనుక్కోవడానికి వచ్చినవాడిలా ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

"అయితే నప్పేదేదో నువ్వే తియ్యి," అన్నాడు. "ఇక్కడ నిలబడేది నువ్వేగా."